సెలవులకి ఇంటికొచ్చిన పిల్లాడితో మాట్లాడదామా?

మొన్న దసరా సెలవుల్లో ఒక సాయంత్రం మా వీధి చివరింటి చెల్లెలు వచ్చి కూర్చుంది. టీ గ్లాసు చేతికిస్తే చల్లారిపోయేదాకా అలాగే పట్టుకుంది. ఏమైందే అన్నానో లేదో, కళ్ళ నిండా నీళ్ళు. "పిల్లోడు వచ్చి మూణ్ణాళ్ళు కాలేదక్కా, అప్పుడే హాస్టలుకు పోతానంటున్నాడు. ఇంట్లో ఉండబుద్ధి కాదంట. నేనేం తక్కువ చేశాను వాడికి?"

వాడికి పదమూడేళ్ళు. పుట్టుకతోనే వినపడదు. బధిర పిల్లల బడిలో, అక్కడి హాస్టల్లోనే ఉండి చదువుకుంటున్నాడు. తల్లికి ఇంకో దిగులు కూడా ఉంది. పెద్దపిల్ల డిగ్రీ రెండో సంవత్సరం. ఇకమీదట సైగల భాష నేర్చుకుంటాను, బధిరుల సమాజం గురించీ, వాళ్ళ సంస్కృతి గురించీ చదువుతాను అంటోందట. "వినపడనోళ్ళకి వేరే సంస్కృతి ఏముంటుంది? అది చదివితే ఎవరు ఉద్యోగమిస్తారు?" అని వాళ్ళ నాన్న కోప్పడ్డాడట.

నువ్వు రెండు దిగుళ్ళు తెచ్చావు గానీ అవి ఒకటే దిగులమ్మా, రెండో దానిలోనే మొదటిదానికి మందుంది అన్నాను. చల్లారిన టీ తీసేసి వేడిగా ఇంకోటి పెట్టాను. ఆ సాయంత్రం ఆమెకు చెప్పినవే నీకూ చెప్తాను. మన ఇళ్ళల్లోనో, పక్కింట్లోనో, చుట్టాల్లోనో ఇలాంటి పిల్లలు లేని వాళ్ళెవరు? 2011 జనాభా లెక్కల్లోనే వినికిడి లోపం ఉన్నవాళ్ళు దేశంలో 50 లక్షలకు పైగా తేలారు.

ముందు రాత్రి భోజనాలు ఎలా జరుగుతాయో చెప్పమన్నాను. ఏముంది, అందరం కింద కూర్చుంటాం, సంగటి, పప్పు, ఆ పూట కబుర్లు. నాన్న ఏదో అంటాడు, పెద్దపిల్ల నవ్వుతుంది, నానమ్మ ఇంకో మాట కలుపుతుంది. మరి పిల్లాడో? వాడు ఒక నోటి నుంచి ఇంకో నోటికి చూపు తిప్పుతూ ఉంటాడు. ఎవరు మాట్లాడుతున్నారో కనిపెట్టేలోపు ఆ మాట అయిపోతుంది. అందరూ నవ్వారంటే అక్క మోచెయ్యి తట్టి 'ఏంటి?' అని చేత్తో అడుగుతాడు. 'తర్వాత చెప్తాలే' అంటుంది. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. వాడు నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, ఫోను తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంటాడు.

"నిజమేనక్కా, రోజూ అంతే" అంది ఆమె. ఆమె తప్పు పట్టడానికి అడగలేదు. నేనూ అదే చేశాను కాబట్టి అడిగాను.

మా పిన్ని కూతురికి వినపడేది కాదు. నాకంటే రెండేళ్ళు చిన్న. ఎండాకాలం చివర్లో, తొలకరి కోసం ఎదురుచూస్తూ రాత్రిళ్ళు పంచలో కూర్చుని విత్తనం కోసం చెనిక్కాయలు ఒలిచేవాళ్ళం. బొటనవేలితో కాయ ముక్కు నొక్కితే టప్‌మని విచ్చుకుంటుంది. ఆ పని చేస్తూ చేస్తూ కథలు, ఎగతాళ్ళు, పాటలు. అదీ మాతోపాటే ఒలిచేది, అందరికంటే ఎక్కువ ఒలిచేది. ఉన్నట్టుండి కరెంటు పోయేది. మాకేం, చీకట్లో కూడా కబుర్లు సాగేవి, చీకట్లో ఇంకా బాగా సాగేవి. అది మాత్రం లాంతరు వెలిగేదాకా నా పైట కొసను గుప్పెట్లో పట్టుకుని కూర్చునేది. కరెంటు పోతే దాని లోకమంతా ఆగిపోతుందని నాకు అప్పుడు తట్టలేదు. దాని చూపే దాని చెవి అని తెలుసుకునేసరికి నాకు ముప్పై ఏళ్ళొచ్చాయి. అప్పటికి దానికి పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆ చీకటి గుర్తొస్తే మనసు పిండేసినట్టు ఉంటుంది.

సరే, పిల్లాడి సంగతికొద్దాం. హాస్టలంటే వాడికి ఎందుకంత ఇష్టం? అక్కడ కూర బాగుంటుందనా? కాదమ్మా. అక్కడ వాడికి భాష ఉంది. రాత్రి లైటు కింద పదిమంది గుండ్రంగా కూర్చుంటే ఎవరి చేతులు కదిలినా వాడికి కనిపిస్తుంది, ఎవరు వేళాకోళం చేసినా అర్థమవుతుంది, వాడూ నవ్విస్తాడు. బధిర పిల్లల్లో నూటికి తొంభైకి పైగా మనలాంటి వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారు. మన పిల్లలకి మాటలు అమ్మ ఒళ్ళో వస్తాయి కదా, వాళ్ళకేమో భాష సీనియర్ పిల్లల నుంచి జూనియర్లకి బళ్ళల్లో, హాస్టళ్ళలో అందుతుంది. అందుకే వాళ్ళకి బడి రెండో ఇల్లు. కొందరికి అదే మొదటిది. మన అనంతపురం జిల్లాలో విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ అనే సేవాసంస్థ బధిర పిల్లలకు బడులు నడుపుతోంది. ఈ కరువు నేలలో చేను వదిలి బెంగళూరుకు వలసపోయిన కూలీల పిల్లలు కూడా అలాంటి చోట్ల భాష దొరికించుకున్నారంటే అది చిన్న సంగతి కాదు.

బధిరుల సంస్కృతి గురించి ఏ కాలేజీలో మొదటి పాఠం చెప్పినా ఇక్కడే మొదలుపెడతారు. చెవుడును డాక్టరు కన్నుతో చూస్తే అది ఒక లోపం, సరిచేయాల్సింది. వాళ్ళ కన్నుతో చూస్తే వాళ్ళొక సమాజం, ఒక భాష, తమకంటూ మర్యాదలు. రెండూ నిజమే. మనం ఇన్నాళ్ళూ మొదటిదే చూశాం.

మర్యాదలేంటి అంటావా? మనం పిలవాలంటే కేకేస్తాం. వాళ్ళు భుజం మీద మెల్లగా తడతారు, లేదా లైటు ఆర్పి వెలిగిస్తారు, నేల మీద కాలితో తాటిస్తే ఆ అదురుకి ఇటు చూస్తారు. ఒకళ్ళు మాట్లాడుతుంటే చూపు తిప్పేసుకోవడం మనకి చిన్న విషయం. వాళ్ళకది నీ మాట నాకు అక్కర్లేదని చెవులు మూసుకున్నట్టే. చప్పట్లకి బదులు రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడిస్తారు. ఇక వీడ్కోళ్ళంటావా, గుమ్మంలో నిలబడి అరగంట, గేటు దగ్గర ఇంకో అరగంట. మన పెళ్ళిళ్ళల్లో అత్తలు వెళ్ళొస్తామని చెప్పి మళ్ళీ కూర్చున్నట్టే అనుకో. ఫోన్లు లేని రోజుల్లో తమ భాష వచ్చిన మనిషి మళ్ళీ ఎప్పుడు కనిపిస్తాడో తెలియదు కదా, అలా అలవాటైంది. అన్నిటికంటే నాకు నచ్చింది వాళ్ళ పేర్లు. మనం పెట్టిన పేరు రికార్డుల్లో ఉంటుంది. వాళ్ళలో ఒక్కొక్కరికీ ఒక సైగ పేరు ఉంటుంది. బుగ్గమీద మచ్చనో, గిరజాల జుట్టునో, నవ్వే తీరునో పట్టి ఆ సమాజంలోని వాళ్ళే పెడతారు. మనకు మనం పెట్టుకుంటే చెల్లదు.

"అయితే ఆ సైగలు ఇంగ్లీషువా, తెలుగువా?" అని అడిగింది ఆమె. మంచి ప్రశ్న. చాలామంది సైగల భాషంటే నోటి మాటల్ని చేత్తో చూపడమే అనుకుంటారు. ఎంత మాత్రం కాదు. ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌కి దాని వ్యాకరణం దానికుంది. విచిత్రమేంటంటే అది మన తెలుగుకి కాస్త దగ్గరగా కూడా ఉంటుంది. 'ఏమిటి', 'ఎక్కడ' లాంటి ప్రశ్న మాట చివర్లో వస్తుంది, 'కాదు, లేదు' అనేదీ చివరికే వస్తుంది. ఎప్పుడు జరిగిందో చెప్పే 'నిన్న', 'రేపు' ముందుగానే చెప్పేస్తారు. 'నిన్న నువ్వు బడికి వెళ్ళావా?' అన్నప్పుడు ఆ చివరి 'ఆ' దీర్ఘం ఉంది చూడు, అది వాళ్ళకి కనుబొమల్లో ఉంటుంది. కనుబొమలు పైకి లేచాయంటే ప్రశ్న. ముఖం కదలకుండా చేతులు మాత్రమే ఆడిస్తే మనం రాగం లేకుండా మాట్లాడినట్టు. ఇక పేర్లు, ఊర్లు అక్షరం అక్షరం చెప్పాలంటే ఇంగ్లీషు అక్షరాలు రెండు చేతులతో చూపిస్తారు. ఇప్పుడే నాతోపాటు చెయ్యి చూద్దాం. ఎడమ చెయ్యి విప్పి పెట్టుకో. కుడి చూపుడువేలితో బొటనవేలి కొస తాకితే ఏ, చూపుడువేలి కొస ఈ, నడిమివేలు ఐ, ఉంగరంవేలు ఓ, చిటికెనవేలు యూ. వచ్చేసింది కదా? అయిదు అచ్చులు అయిపోయాయి. ఇంత సులువుగా మొదలయ్యేదాన్ని పదమూడేళ్ళుగా వాయిదా వేశాం.

కానీ తప్పంతా మనదే కాదు. ఆ భాషని వద్దన్నది చదువుకున్న పెద్దలే. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల టీచర్లు సమావేశమై, బళ్ళల్లో నోటి మాటే నేర్పాలి, సైగలు వద్దు అని తీర్మానించారు. ఓటేసిన వాళ్ళలో బధిరులు దాదాపు లేరు. ఆ తర్వాత ఎన్ని దేశాల్లో ఎంతమంది పిల్లల చేతుల్ని కట్టేశారో. 2010లో గానీ అదే టీచర్ల మహాసభ కెనడాలోని వాంకూవర్‌లో కూర్చుని చేసిన పనికి విచారం తెలపలేదు. అమెరికాలో బధిరుల కోసమే ఉన్న గాలాడెట్ కాలేజీలో పాఠాలు చెప్పిన విలియం స్టోకో 1960లో వాళ్ళ సైగల్ని లోతుగా పరిశీలించి, ఇవి ఊరికే చేతులాటలు కావు, నిజమైన భాష అని చూపించాడు. ఆ గాలాడెట్‌లోనే 1988 మార్చిలో విద్యార్థులు తరగతులు ఆపి, గేట్లు మూసి, మాకు బధిరుడే అధ్యక్షుడు కావాలని పట్టుబట్టి సాధించుకున్నారు. నూటఇరవై ఏళ్ళ కాలేజీకి అప్పటిదాకా ఒక్క బధిర అధ్యక్షుడూ లేడంటే నమ్మగలమా?

మన దేశంలో పని ఆలస్యంగానే మొదలైంది, కానీ మొదలైంది. 2015లో ఢిల్లీలో ఇండియన్ సైన్ లాంగ్వేజ్ పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టారు. వాళ్ళ వీడియో నిఘంటువు 2018లో 3,000 పదాలతో వచ్చి, 2021 నాటికి 10,000 పదాలకు చేరింది. అదంతా ఫోన్‌లో ఉచితంగా చూడొచ్చు. 2021లోనే సార్వత్రిక విద్యాపీఠం, అదే మనం ఓపెన్ స్కూల్ అంటామే, దాంట్లో పదో తరగతి స్థాయిలో సైగల భాషని ఒక సబ్జెక్టు చేశారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో మాత్రం అది ఇంకా లేదు. అందులో చేర్చమని బధిర సంఘాలు అడుగుతూనే ఉన్నాయి.

ఇవన్నీ విని ఆమె నిట్టూర్చింది. "పెద్ద ఊర్ల సంగతులక్కా ఇవి. మన పక్క ఎవరు నేర్చుకుంటారు?"

అందుకే ఆమెకి అలీపురం సంగతి చెప్పాను. హిందూపురం దాటి కర్ణాటకలోకి పోతే గౌరిబిదనూరు తాలూకాలో ఉంటుంది ఆ ఊరు. షియా ముస్లింలు ఎక్కువగా ఉండే ఊరు. తరతరాలుగా అక్కడ వంద మందికి పైగా బధిరులున్నారు. ఊళ్ళోనే ఒక సైగల భాష పుట్టింది, ఢిల్లీ నుంచి ఎవరూ తెచ్చింది కాదు. దుకాణం దగ్గర, వీధి అరుగు మీద, చుట్టాలింట్లో వినపడేవాళ్ళకీ అది అంతో ఇంతో వచ్చు. శిబాజీ పండా అనే పరిశోధకుడు, ఆయనా బధిరుడే, ఆ భాషని పరిశీలించి రాస్తే ప్రపంచంలోని భాషా శాస్త్రవేత్తలకి ఆ పేరు తెలిసింది. అమెరికాలో మార్తాస్ విన్‌యార్డ్ అనే దీవిలోనూ ఒకప్పుడు ఇలాగే ఉండేది, చేపలు పట్టే వాళ్ళ నుంచి దుకాణదారుల దాకా అందరికీ సైగలు వచ్చేవి. అక్కడ ఇప్పుడు ఆ భాష లేదు. మన పొరుగున ఉన్నది ఉంది. చూశావా, మన సీమ అంచున, చింతచెట్ల కింద, చదువుకోని అవ్వలు కూడా చేసి చూపించిన పని ఇది. మనం చేయలేమా?

అలీపురంలో అంతమంది ఎందుకు అని ఆమె మెల్లగా అడిగింది. ఈ ప్రశ్న వెనక ఏముందో నాకు తెలుసు. దగ్గర చుట్టాల్లో పెళ్ళిళ్ళు తరతరాలుగా జరిగితే చెవుడుకు కారణమైన ఒకే జన్యువు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ కలిసే అవకాశం పెరుగుతుంది. మన సీమలో మేనరికాలు తక్కువా? ఆమెదీ మేనమామ కొడుకుతో పెళ్ళే. ఇన్నేళ్ళూ అత్తగారు 'గ్రహణం నాడు బయటికొచ్చావు' అని, ఇంకొకళ్ళు 'నీ కడుపు' అని ఏమేమో అన్నారట. వినమ్మా, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. జన్యువు ఇద్దరిదీ, తప్పు ఎవరిదీ కాదు. గర్భంలో ఉన్నప్పుడు వచ్చే రుబెల్లా, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన వెంటనే ముదిరిన కామెర్లు, మెదడు పొరల వాపు, ఇలా కారణాలు ఎన్నో. ఆ మాట పట్టుకుని నిన్ను నువ్వు శిక్షించుకోవడం ఈ రోజుతో ఆపెయ్. చుట్టాల్లో సంబంధం అనుకుంటున్న వాళ్ళుంటే ముందుగా డాక్టరుని అడగమని చెప్పు, అంతే.

మన ఇళ్ళల్లో కొత్తగా బిడ్డ పుడితే మాత్రం ఒక్క మాట గట్టిగా పట్టుకుందాం. నెల లోపల వినికిడి పరీక్ష, అనుమానముంటే మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల చికిత్స. పళ్ళెం మోగిస్తే తిరిగి చూశాడు కాబట్టి బాగానే ఉంది అనుకోవద్దు. ఆ అదురుకి, నీ నీడకి కూడా తిరుగుతారు పిల్లలు. వినికిడి మిషన్ పెట్టినా, ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేయించినా మంచిదే, చిన్న వయసులో అయితే ఇంకా మంచిది. ఆపరేషన్ అయ్యాక కూడా ఏళ్ళ తరబడి మాటల శిక్షణ కావాలి. ఆ లోపల బిడ్డ మనసు ఖాళీగా ఉండకూడదు కదా? సైగలు నేర్పితే మాటలు రావనే భయం వద్దు. చేతికి వచ్చిన భాష నోటికి అడ్డుపడదు.

కాగితాల పని కూడా చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతాం. సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్, దానితో దివ్యాంగుల గుర్తింపు కార్డు, అదే యూడీఐడీ కార్డు, చేయించు. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు. 2016 చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకి 4 శాతం, అందులో వినికిడి లోపం ఉన్నవాళ్ళకి 1 శాతం. పై చదువుల్లో అందరికీ కలిపి 5 శాతం సీట్లు. సర్టిఫికెట్ జిరాక్సు నాలుగైదు పెట్టుకుని ఒరిజినల్ బీరువాలో భద్రంగా పెట్టు.

మూగ-చెవిటి అనే మాట ఇంట్లో అనొద్దు. వాడికి గొంతు ఉంది, భాషా ఉంది, మూగ ఎక్కడి నుంచి వచ్చింది? 'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు' అని నోరు జారుతుంటాం. శంఖం ఎందుకూ, చెయ్యి ఊపితే సరిపోయేది కదా!

ఇక పెద్దపిల్ల మాట. వాళ్ళ నాన్నకి ఇలా చెప్పమన్నాను. సైగల అనువాదకుల డిప్లొమా రెండేళ్ళు, ఇంటర్ పాసైనవాళ్ళు చేరొచ్చు. 50 లక్షల మందికి ఆసుపత్రిలో, కోర్టులో, కాలేజీలో మాట అందించే మనుషులు చాలా చాలా తక్కువ. 2023 సెప్టెంబరులో బెంగళూరు లాయరమ్మ సారా సన్నీ సుప్రీంకోర్టులో వాదనకు హాజరైంది, ఆమెకి వినపడదు. ఒక అనువాదకుడు సైగల్లో చెబుతుంటేనే అది సాధ్యమైంది. అలా మాట అందించే మనిషి రేపు మన అనంతపురం పిల్ల ఎందుకు కాకూడదు? అంతెందుకు, పిల్లాడు కూడా. బధిరులే చేరి సైగల టీచర్లయ్యే డిప్లొమా ఒకటుంది. ఆటల వైపు మనసుంటే హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ బధిరుల ఒలింపిక్స్ అనదగ్గ డెఫ్లింపిక్స్‌లో రైఫిల్ షూటింగ్‌లో బంగారు పతకం గెలిచిన సంగతి చెప్పు. 1924 నుంచి జరుగుతున్న పోటీలవి, పిస్తోలు శబ్దానికి బదులు లైటు వెలిగించి పరుగు మొదలుపెడతారు.

ఇంట్లో ఏం చేయాలో కూడా చెప్పి పంపాను. భోజనాలకి గుండ్రంగా కూర్చోండి, వెలుతురు ముఖాల మీద పడేలా. ఒకరు మాట్లాడాక ఒకరు. మాట్లాడబోయే వాళ్ళు ముందు చెయ్యి ఎత్తండి, వాడు అటు తిరుగుతాడు. 'తర్వాత చెప్తా' అనే మాట ఈ ఇంట్లో ఇక ఉండకూడదు. నవ్వొచ్చే సంగతయితే వాడికే ముందు చెప్పండి. రోజుకి అయిదు సైగలు చాలు, గురువు వాడే. తల్లిదండ్రులకి తనే పాఠం చెప్పాలంటే పదమూడేళ్ళ పిల్లాడికి ఎంత గర్వంగా ఉంటుందో ఊహించు. నానమ్మని కూడా కూర్చోబెట్టు, వయసైందని వదిలెయ్యకు. దూరదర్శన్‌లో ఆదివారం బధిరుల వార్తలు కళ్ళప్పగించి చూసిన తరమే కదా ఆమెది. కరెంటు పోతే వెంటనే ఎమర్జెన్సీ లైటు వాడి దగ్గర పెట్టు. ఇది మాత్రం నాకోసం చెయ్యి.

ఆమె వెళ్ళిపోయింది. సెలవుల్లో మిగిలింది నాలుగు రోజులే. పిల్లాడు ఆ నాలుగు రోజులూ ఉన్నాడు.

వాడు హాస్టలుకు వెళ్ళిన వారానికి మళ్ళీ వచ్చింది, ఈసారి టీ చల్లారనివ్వలేదు. ఫోను తీసి వీడియో చూపించింది. వాడు హాస్టల్ మంచం మీద కూర్చుని, నాలుగు వేళ్ళు దగ్గరికి చేర్చి చెవి వెనక నుంచి మెడ మీదికి జార్చి, నవ్వుతూ ఆమె వైపు చూపిస్తున్నాడు. మళ్ళీ మళ్ళీ అదే. "నా పేరంటక్కా. రోజూ కనకాంబరాలు పెట్టుకుంటానని అలా పెట్టాడంట. వాళ్ళ స్నేహితులందరికీ చెప్పేశాడంట." జడ సర్దుకుంటున్నట్టే ఆ సైగ తనూ చేసి చూపించింది, ఒకసారి సరిగా రాక మళ్ళీ చేసింది.

వాళ్ళాయనకి మీసం మీద పేరు పెట్టాడట. నానమ్మకి ముక్కుపొడక. నాకింకా పెట్టలేదు. సంక్రాంతికి వస్తాడుగా, ఓళిగలు చేసి పిలిచి అడుగుతాను. అప్పటికి ఆ అయిదు అచ్చుల తర్వాతి అక్షరాలు కూడా నేర్చుకుని ఉండాలి నేను.